ఎన్‌కౌంటర్ నవ్వులాట కాదు

సంపాదకులకు,

2025 సంక్రాంతికి వచ్చిన ‘సంక్రాంతికి వస్తున్నాం’ సినిమా ఇంకా టీవీల్లో తిరుగుతూనే ఉంది. రాజకీయాల జోలికి పోని కుటుంబ వినోదం అంటూ పోయిన వారం మీరు వేసిన వ్యాసం చదివాక ఉండబట్టలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ సినిమాలో ముఖ్యమంత్రిని తీసేస్తే ఇక కథేముంది? పెట్టుబడుల కోసం రప్పించిన కంపెనీ పెద్దను ముఠావాళ్లు ఎత్తుకుపోతే, ఆ సంగతి బయటికి పొక్కకుండా ప్రభుత్వం నానా తంటాలు పడుతుంది. ముఖ్యమంత్రి వేషం వేసిన నరేశ్ కంగారు చూసి మా ఇంట్లో అందరం పడీపడీ నవ్వాం. బయటా అంతే, ఒప్పందాల రోజు ఊరంతా ఫ్లెక్సీలు, తర్వాత ఆ కంపెనీ ఏమైందంటే ఎవరూ నోరు విప్పరు. రెండు రాష్ట్రాల్లోనూ ఏ పార్టీ వచ్చినా ఇదే తంతు. దాన్ని ఎగతాళి చేస్తే తప్పేముంది, చేయాల్సిందే.

నా బాధ వేరే. వెంకటేశ్ పాత్ర ఒకప్పటి ఎన్‌కౌంటర్ స్పెషలిస్టు. కథలో అదొక డిగ్రీ పట్టాలా, గొప్ప అర్హతలా చెల్లిపోయింది. ఏ రాష్ట్రంలో ఈ మాట అంటున్నాం? 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురినీ కాల్చేస్తే జనం పోలీసుల మీద పూలు చల్లారు. అది కావాలని చేసిన కాల్పులేనని, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని, పదిమంది పోలీసులపై హత్య కేసు నడపాలని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. ఆ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. పూలు చల్లినవాళ్లలో ఎంతమంది అది చదివారు? కోర్టు, విచారణ అన్నవి పనికిరాని తతంగమని మన సినిమాలు ఏళ్ల తరబడి నూరిపోస్తుంటే ఎవరు మాత్రం చదువుతారు!

ఇక మీనాక్షి పాత్ర. ఆమె ఐపీఎస్ అధికారి. ఆ కంపెనీ పెద్దను విడిపించడానికి ఎవరు పనికొస్తారో చెప్పేదీ ఆమే. తీరా ఆపరేషన్ మొదలయ్యాక ఆమెకు మిగిలిన పని హీరో భార్యతో వంతులు పోవడం, మాటలు విసురుకోవడం. ఐశ్వర్యా రాజేశ్ భాగ్యం పాత్రలో ప్రాణం పెట్టి చేసింది, కాదనను. కానీ ఆ అధికారి బుర్ర వాడిన సన్నివేశం ఒక్కటైనా పెట్టొద్దా? బందోబస్తు డ్యూటీల్లో రాత్రింబవళ్లు నిలబడే ఆడపిల్లలు మా బడి నుంచీ వెళ్లారు. యూనిఫాం వేసుకోవడానికి వాళ్లు ఇంట్లో ఎంత పోరాడారో నాకు తెలుసు.

కామెడీకి ఇంత లెక్కలేమిటని అంటారేమో. గురువు గొప్పతనం చెప్పాలనుకున్నప్పుడు అదే సినిమా నవ్వులు ఆపి మరీ చెప్పింది. కావాలనుకుంటే వాళ్లకు చేతనవును.

ఇకనైనా సినిమా సమీక్షల్లో పాటలూ ఫైట్లూ వసూళ్లతో సరిపెట్టకుండా, తెర మీద పోలీసును, ఆడ అధికారిని ఎలా చూపించారో కూడా నాలుగు ముక్కలు రాయించండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, హనుమకొండ