అద్దెలు వసూలు చేసిన చిత్రకారుడు

ఒరేయ్ మామా,

నీ మెసేజ్‌కి జవాబివ్వలేదని కోపంగా ఉన్నావని తెలుసు. రెండు రోజులుగా నా బుర్రలో లౌరీ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు తప్ప ఇంకేమీ లేదు, అందుకే ఆయన గురించే రాస్తున్నా.

ఆదివారం సాల్ఫర్డ్ వెళ్ళాను, మాంచెస్టర్‌ పక్కనే. అక్కడ ఎల్.ఎస్. లౌరీ పేరుతోనే పెద్ద గ్యాలరీ ఉంది. 1953లో ఆయన వేసిన ‘గోయింగ్ టు ద మ్యాచ్’ ముందు చాలాసేపు నిలబడిపోయాను. బోల్టన్‌లో ఫుట్‌బాల్ చూడ్డానికి జనం నాలుగు వైపుల నుంచీ వస్తుంటారు, అందరూ గాలికి ఎదురెళ్తున్నట్టు ముందుకి వంగి. ఈయనవి అగ్గిపుల్లల మనుషులని తేలిగ్గా అనేస్తారు గానీ, దగ్గరికెళ్ళి చూడు, ఒక్కొక్కరి నడక ఒక్కోలా ఉంటుంది. ఆ బొమ్మను గ్యాలరీ వాళ్ళు 2022లో 78 లక్షల పౌండ్లకు కొన్నారు.

ఇంతకీ ఈయన ఉద్యోగం ఏంటో తెలుసా? అద్దెలు వసూలు చేసే గుమస్తా! 1910లో చేరి 1952లో రిటైరయ్యేదాకా ఒకే కంపెనీ. సరదాకి బొమ్మలేసేవాడు అనుకుంటారని ఆ సంగతి ఎవరికీ చెప్పేవాడు కాదు. నాకైతే ఆ ఉద్యోగమే ఆయన బొమ్మలకి ప్రాణం పోసిందనిపిస్తుంది. గడపగడపా తిరిగినవాడికి కాకపోతే ఆ వీధులు, ఆ వంగిన వీపులు ఇంకెవరికి తెలుస్తాయి? 1909లో చేతిలో డబ్బులేక పెండిల్‌బరీకి మారినప్పుడు ఆ మిల్లుల ఊరంటే ఆయనకీ గిట్టలేదు. తర్వాత అదే పిచ్చయింది.

సాయంత్రం క్లాసుల్లో ఏళ్ళ తరబడి నేర్చుకున్నాడు. వాడింది ఐదే రంగులు: నలుపు, ఎరుపు, నీలం, పసుపు, తెలుపు. మొదట్లో బొమ్మలు మరీ చీకటిగా ఉన్నాయని ఒక విమర్శకుడు అంటే ఒళ్ళుమండిందట, కానీ ఆ తర్వాతే ఆ తెల్లటి నేల, తెల్లటి ఆకాశం వచ్చాయి. మనుషులకి నీడలు కూడా వెయ్యలేదు, గమనించు.

మామా, నన్ను కుదిపేసింది మాత్రం వాళ్ళమ్మ సంగతి. 1932లో నాన్న అప్పులు మిగిల్చి పోయాడు, అమ్మ మంచం పట్టింది. పగలంతా ఉద్యోగం, ఇంటికొచ్చి అమ్మకి సేవ, ఆవిడ నిద్రపోయాక రాత్రి పదింటి నుంచి రెండింటిదాకా బొమ్మలు. ఆవిడకేమో ఆ బొమ్మలు నచ్చేవి కావు. 1939లో లండన్‌లో మొదటి సొంత ప్రదర్శన జరిగింది, అదే ఏడాది అమ్మ పోయింది. తర్వాత వచ్చిన పేరేదీ ఆవిడ చూడలేదు. నైట్‌హుడ్‌తో (అదే, ‘సర్’ బిరుదు) సహా ఐదు బిరుదులొస్తే అన్నీ వద్దన్నాడు, అమ్మ పోయాక ఇవన్నీ ఎందుకని.

ఆ సేవ చేస్తున్న రోజుల్లోనే, 1938లో, ఎర్రటి కళ్ళతో ఒక మగమనిషి ముఖం వేశాడు. తన ముఖమే వెయ్యబోతే అలా తయారైందట. నిద్రలేని కళ్ళురా అవి. దాని పోస్ట్‌కార్డు ఈ ఉత్తరంతోపాటే పెడుతున్నా, పగటి వెలుతురులో చూడు. చూశాక నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా సరే.