‘కింగ్ కాంగ్’ బొమ్మను కత్తిరించి చూపిస్తున్నారు: ఫిర్యాదు

చందాదారుల ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: మీ యాప్‌లో 2005 నాటి ‘కింగ్ కాంగ్’ బొమ్మను ఇరుపక్కలా కత్తిరించడం, చివరి పేర్లు చూడనివ్వకపోవడం గురించి.

నమస్కారం.

పీటర్ జాక్సన్ తీసిన ‘కింగ్ కాంగ్’ మీ యాప్‌లోకి వచ్చిందని తెలిసి నిన్న రాత్రి పెట్టుకున్నాను. మొదలైన కాసేపటికే తేడా తెలిసిపోయింది. ఈ సినిమా ఫ్రేము వెడల్పు ఎత్తుకు దాదాపు 2.4 రెట్లు. టీవీలో వేస్తే పైనా కిందా నల్లపట్టీలు రావాలి. మీరు అవి రాకుండా, తెర నిండేలా బొమ్మను పెద్దది చేశారు. దాంతో రెండు పక్కలా కలిపి పావు వంతు బొమ్మ ఎగిరిపోయింది.

మీ చాట్‌లో అడిగితే ‘మీ టీవీలో జూమ్ సెట్టింగ్ మార్చుకోండి’ అన్నారు. అదే టీవీలో మీ యాప్‌లోని వేరే సినిమాలు నల్లపట్టీలతో సరిగ్గానే వస్తున్నాయి. ఫోన్లో, లాప్‌టాప్‌లో చూసినా ఈ సినిమా ఇలాగే ఉంది. లోపం మీరు పెట్టిన ప్రతిలోనే ఉంది.

ఈ సినిమాకు వెడల్పే ప్రాణం. స్కల్ ఐలండ్ అనే దీవిలో కాంగ్ అనే భారీ గొరిల్లా మూడు రాకాసి బల్లులతో తలపడే ఘట్టం చూడండి. కథానాయిక ఆన్‌ను ఒక చేత పట్టుకుని రెండో చేత్తో పోరాడుతుంది, చెయ్యి ఖాళీ లేనప్పుడు ఆమెను కాలితో అందుకుంటుంది. దెబ్బ తగిలేదీ, ఆన్ ఎక్కడుందో కూడా ఒకేసారి కనపడితేనే గుండె దడదడలాడుతుంది. మీ ప్రతిలో బల్లి కోర కనిపిస్తే ఆన్ తెర బయట ఉంటోంది. చివరి బల్లి దవడలు చీల్చి చంపాక, కాంగ్ ఆ దవడను ఆడించి చూస్తుంది. 1933 నాటి మూల చిత్రంలోనూ కాంగ్ అలాగే చేస్తుంది. అప్పట్లో విల్లిస్ ఓబ్రయన్ అడుగున్నర ఎత్తు కాంగ్ కీలుబొమ్మను ఇసుమంత కదుపుతూ, ఒక్కో ఫ్రేమే తీసి దానికి ప్రాణం పోశాడు. తొమ్మిదేళ్ల వయసులో ఆ సినిమా టీవీలో చూసి దర్శకుడు కావాలనుకున్న జాక్సన్, అంత భారీ బడ్జెట్ చేతికొచ్చాక కూడా ఆ చిన్న చేష్టను మరవలేదు. అంత ప్రేమతో పేర్చిన ఫ్రేముకు కత్తెర వేసే హక్కు మీకెవరిచ్చారు?

ఇక ముగింపు. ఎంపైర్ స్టేట్ భవనం మీంచి కాంగ్ పడిపోయి, ఆఖరి మాట వినబడిందో లేదో, బొమ్మ మూలకు ముడుచుకుని వేరే సినిమా ప్రకటన మొదలైంది. ఆటోప్లే ఆపేసినా ఇదే తంతు. వెనక్కి వెళ్తే చూడటం పూర్తయిందని లెక్కేసి, సినిమాను మళ్లీ మొదటి నుంచి వేస్తోంది. ఆ చివరి పేర్లలోనే మూల చిత్ర బృందానికి అంకితం ఉంది. దర్శకులు కూపర్, షోడ్‌సాక్, సంగీత దర్శకుడు మాక్స్ స్టైనర్, నాటి ఆన్ పాత్రధారి ఫే రే... ఈ సినిమా విడుదలకు ముందు ఏడాది, 2004లోనే, ఫే రే కన్నుమూశారు. ఆవిడ పేరు కనబడేదాకా ఆగలేరా?

అసలు వెడల్పు ఉన్న ప్రతిని పెట్టండి. పేర్లు పూర్తయ్యేవరకు తెరను ముట్టుకోకండి. అప్పటిదాకా సినిమా పేజీలో ‘బొమ్మ కత్తిరించబడింది’ అని స్పష్టంగా రాయండి. ఇవేవీ కుదరవంటే నా ఈ నెల చందా వాపసు చేయండి. జవాబు రాతపూర్వకంగా ఇవ్వగలరు.

ఇట్లు,
మీ చందాదారు