కరెంటు లేని వైర్‌లెస్ నేను అమ్మడం లేదండి

మా షాపు కస్టమర్లందరికీ నమస్కారం.

నెల రోజులుగా షాపు మెట్లెక్కుతున్నవాళ్లలో సగంమంది రిపేరు సంగతి పక్కనపెట్టి ఒకటే అడుగుతున్నారు. "బ్యాటరీ, కరెంటు ఏమీ అక్కర్లేకుండా మాట్లాడితే పనిచేసే వైర్‌లెస్ చేశారటగా, ఎంతకిస్తారండీ?" అంతర్వేది వైపు నుంచి ఒక బోటు ఓనరు గారైతే ఏకంగా అడ్వాన్సు పట్టుకొచ్చేశారు. పక్క మెడికల్ షాపాయన మాత్రం ఇంకోలా పలకరించారు: "రాత్రిళ్లు మైకు గొట్టంలోకి ఒంటరిగా కేకలు పెడుతున్నారట, ఒంట్లో బాగానే ఉందా?"

కేకలు పెడుతున్న మాట నిజం. ఒంట్లో బాగానే ఉంది. అమ్మకం మాత్రం అబద్ధం. ఆ బోటు ఓనరు గారి డబ్బు అప్పుడే వెనక్కి ఇచ్చేశాను.

ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. మీ సామాన్లు లేటవడానికి కారణం ఈ పిచ్చే. "పార్టు రాజమండ్రి నుంచి రావాలి" అని కొందరికి చెప్పాను. ఇద్దరి విషయంలో అది నిజమే. మిగతావాళ్ల పార్టులు సొరుగులోనే ఉన్నాయి, నేనే చెయ్యి పెట్టలేదు. ఈరోజుకి బల్ల మీద పదకొండు ఉన్నాయి: నాలుగు ఆంప్లిఫయర్లు, అయిదు హారన్ యూనిట్లు (మైకు గొట్టం వెనక బిగించే స్పీకర్లు), ఒక మిక్సీ, ఒక పాత రేడియో. ఆ రేడియో కథ కాసేపాగి చెప్తాను, అందులో నా తప్పు పెద్దది.

నాకు అమెచ్యూర్ రేడియో లైసెన్సు ఉందని మీలో కొందరికి తెలుసు. సరదాకి సొంత రేడియో సెట్‌తో దూరంవాళ్లతో మాట్లాడుకునేవాళ్లం, హ్యామ్ అంటారు. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ వింగ్ పెట్టే పరీక్ష రాసి, పొట్టి, పొడుగు శబ్దాల సంకేతభాష మోర్స్ కూడా పాసై తెచ్చుకున్న జనరల్ గ్రేడ్. మా హ్యాముల్లో కొందరికి వందల వాట్లు కావాలి, కొందరికి తక్కువలో తక్కువ పవర్‌తో ఎంత దూరం పోతుందోనన్న ఆత్రం. 5 వాట్లు, అంతకంటే తక్కువ వాడితే దాన్ని క్యూఆర్‌పీ అంటాం. ఆ దారిలో కొసదాకా వెళ్లినవాళ్లు బ్యాటరీ కూడా తీసేసి, గొంతులోంచి వచ్చే శబ్దాన్నే కరెంటుగా మార్చి ట్రాన్స్‌మిటర్ నడిపారు. అమెరికాలో ఒక హ్యామ్ అలాంటి సెట్‌కి ఎల్ సిల్బో అని పేరు పెట్టుకున్నాడు. కానరీ దీవుల్లో లా గొమేరా అనే చోట లోయకి అటూ ఇటూ ఉన్నవాళ్లు ఈలలతో మాట్లాడుకుంటారు, ఆ ఈల భాష పేరు సిల్బో. మన రేవుల్లో అవతలి ఒడ్డు పడవవాణ్ణి "ఓ..." అని కేకేసి పిలిచేవాళ్లం కదా, నాకు అదే గుర్తొచ్చింది. ఆ పేరు చదివిన రాత్రి నిద్ర పట్టలేదు.

అసలు ఇది కొత్త సంగతేం కాదు. 1877 నాటి గ్రాహంబెల్ టెలిఫోన్లలో మాట పంపడానికి బ్యాటరీ ఉండేది కాదు. అయస్కాంతం, తీగచుట్ట, పల్చటి రేకు, అంతే. ఓడల్లో కరెంటు మొత్తం పోయినా పనిచెయ్యాలని, అదే పద్ధతి ఫోన్లు ఇప్పటికీ పెడతారు. మైకు సెట్లవాణ్ణి కాబట్టి నా దగ్గరున్నవన్నీ అవే సరుకులు. హారన్ యూనిట్‌కి కరెంటిస్తే అరుస్తుంది. దాంట్లోకి మనం అరిస్తే అది కరెంటిస్తుంది.

ఎంతిస్తుందనేదే గొడవ. మనిషి మామూలుగా మాట్లాడేటప్పుడు గొంతులోంచి బయటికొచ్చే శబ్దం పవర్ 10, 20 మైక్రోవాట్ల దగ్గర ఉంటుంది. గట్టిగా కేకేస్తే ఒక మిల్లీవాట్ అవుతుందేమో. అంటే తీర్థంలో (జాతరలో) మనం నడిపే 100 వాట్ల ఆంప్లిఫయర్‌లో లక్షో వంతు. దాంట్లోనూ యూనిట్ కొంత తినేస్తుంది. 16 ఓమ్‌ల యూనిట్‌కి మీటరు తగిలించి మామూలుగా మాట్లాడితే 6, 7 మిల్లీవోల్ట్‌లు చూపించింది. గొంతు చించుకుంటే 70. కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్ దాన్ని చూసి నవ్వుతుంది. మామూలు సిలికాన్ డయోడ్ తలుపు తెరవాలంటేనే 600 మిల్లీవోల్ట్‌లు కావాలి.

ఇక్కడ మన మైకు సెట్ల సామానే అక్కరకొచ్చింది. దూరం లైన్లకి వాడే 100 వోల్ట్ లైన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కదా, దాన్ని తిరగేసి పెట్టాను. 2.5 వాట్ల ట్యాప్ మీద తీసుకుంటే వోల్టేజీ సుమారు పదహారు రెట్లయింది. 70 మిల్లీవోల్ట్‌లు కాస్తా ఒక వోల్టు దాటాయి. తక్కువ వోల్టేజీకే తెరుచుకునే జెర్మేనియం డయోడ్లు రెండింటితో, వోల్టేజీని రెట్టింపు చేసే డబ్లర్ కట్టి, కరెంటు నిలవచేసే 1,000 మైక్రోఫారడ్ కెపాసిటర్‌లోకి పోశాను. "ఓ..." అని ఏడు సెకన్లు ఊపిరి బిగపట్టి అరిస్తే 2.1 వోల్ట్‌ల దాకా ఎక్కింది. ఆ మీటరు అంకెలు పాకుతూ పైకి పోవడం చూస్తుంటే, చేతిపంపు కొట్టి కొట్టి బిందె నింపినట్టుంది. ఊపిరి ఆగిన మరుక్షణం దిగడం మొదలు.

హారన్ పెద్ద గొట్టంతో పనిలేదని రెండో రోజుకి తెలిసింది. అంత మూతి ముందు నిలబడి అరిస్తే సగం శబ్దం బయటికే పోతోంది. గొట్టం విప్పేసి, యూనిట్ మెడకి కిరసనాయిలు గరాటు బిగించి నోరు ఆనించాను. అప్పుడు కుదిరింది. ఒక శ్రుతిలోనే ఎక్కువ వస్తుంది, అది వెతుక్కోవాలి. మా ఆవిడ గొంతుకి నాకంటే ఎక్కువొచ్చింది. దీనిమీద ఇంట్లో జరిగిన వ్యాఖ్యానాలు ఇక్కడ రాయను.

ట్రాన్స్‌మిటర్ అన్నది ఒక్క బీసీ 547 ట్రాన్సిస్టర్, ఫ్రీక్వెన్సీ కదలకుండా పట్టే క్రిస్టల్ ఒకటి. ఆ క్రిస్టల్ కొనలేదు. నొక్కే బటన్ల పాత ల్యాండ్‌లైన్ ఫోన్లు తుక్కు సంచిలో ఉన్నాయి. వాటిలో టోన్లు పుట్టించడానికి 3.579545 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉండేది. అది సరిగ్గా మన హ్యాముల 80 మీటర్ల బ్యాండ్‌లో పడుతుంది. ఒక్క కేక నింపిన కరెంటు దీన్ని మూడు సెకన్లు నడిపిస్తుంది. మాట పంపడానికి అది చాలదు. మోర్స్‌లో మూడక్షరాలు పట్టాయి.

ఏరియల్‌కి 130 అడుగుల రాగి తీగ కావాలి. కోనసీమలో స్తంభాలు పాతడమెందుకు, దేవుడే పాతాడు. మా పెరట్లో ఆరు కొబ్బరి చెట్లు వరసన ఉన్నాయి. కొబ్బరికాయల దింపుకొచ్చినాయన నడుముకి కత్తి, పళ్ల మధ్య తీగ కొస పెట్టుకుని ఎక్కాడు. పైనుంచి "కేబుల్ టీవీకా అండీ?" అన్నాడు. "కాదు, కేకకి" అన్నాను. ఆయ్ అని ఊరుకున్నాడు, ఇంకేం అడగలేదు.

పాలకొల్లులో మా హ్యామ్ మిత్రుడొకాయన ఉన్నాడు. గోదారి వశిష్ఠ పాయకి అవతల. నాలుగు రాత్రులు ఆయన చెవులకి హెడ్‌ఫోన్, నా నోటికి గరాటు. ఏమీ వినపడలేదు. ఒకప్పుడు ఈ బ్యాండ్ నిశ్శబ్దంగా ఉండేది. ఇప్పుడు ప్రతి ఎల్‌ఈడీ బల్బు, ప్రతి ఫోన్ చార్జరు గీపెడతాయి. దానికి తోడు మా మిత్రుడి ఇంటి వెనక రొయ్యల చెరువు, రాత్రంతా ఏరియేటర్లు. అయిదో రాత్రి పదిన్నరకి ఆయనవైపు కరెంటు పోయింది. ఆయనే ఫోన్ చేసి "ఇప్పుడు అరువు" అన్నాడు. అరిచాను, మోర్స్ కొట్టాను. ఫోన్‌లో కాసేపు ఏ శబ్దమూ లేదు. తర్వాత "రెండక్షరాలు వచ్చాయి, మూడో దాని మధ్యలో నీ ఊపిరి అయిపోయింది" అన్నాడు. సెల్‌ఫోన్‌లో చెప్పాడు ఆ మాట. నవ్వుకోండి, మేమూ నవ్వుకున్నాం. కానీ ఆ రెండక్షరాలూ నా గొంతులోంచి పుట్టిన కరెంటుతో గోదారి దాటాయి.

ఇంత చిన్న పవర్ ఎలా వినపడిందంటారా? సిగ్నల్ మీటరు లెక్క ప్రకారం, పవర్ నాలుగో వంతుకి తగ్గితే ఒక్క గీతే దిగుతుంది. నా ఏరియల్‌కి వెళ్లింది పావు మిల్లీవాట్ అనుకోండి, 100 వాట్ల సెట్‌లో నాలుగు లక్షల్లో ఒక వంతు. అయినా గీతల్లో తగ్గేది తొమ్మిది చిల్లరే. దగ్గర్లో ఉన్న పెద్ద సెట్ మీటరు ముల్లుని కుడి చివరకి కొట్టేస్తుంది కాబట్టి, తొమ్మిది గీతలు పోయినా అడుగున కొంచెం మిగులుతుంది. ఆ కొంచెం వినాలంటే ఊరు నిద్రపోవాలి, కరెంటు పోవాలి.

ఇప్పుడు బోటు ఓనరు గారికి, మీలాంటి మిగతావాళ్లకి. ఇది మీ ప్రాణానికి అడ్డం పెట్టుకునే వస్తువు కాదు. సముద్రంలో గాలివానలో దీన్ని పట్టుకుని కేకలేస్తే మీ కేకే ముందు వినపడుతుంది. వేటకి వెళ్లేవాళ్లకి కావలసింది సముద్రం మీద వాడే అసలైన వీహెచ్‌ఎఫ్ సెట్. ఆపదలో పిలవడానికి అందులో 16వ ఛానల్ ఉంది. 1996 నవంబరు 6 తుపాను చూసినవాణ్ణి, ఈ విషయంలో మొహమాటపడి డబ్బు తీసుకోలేను. పైగా హ్యామ్ సెట్ ఎంత చిన్న పవర్‌దైనా లైసెన్సు లేకుండా గాల్లోకి వదలడం నేరం. పిల్లలెవరికైనా ఆసక్తి ఉంటే 12 ఏళ్లు నిండినవాళ్లు పరీక్ష రాయొచ్చు. సాయంత్రం షాపుకి పంపండి, మోర్స్ ఊరికే నేర్పుతాను.

ఇక ఆ రేడియో. ఒక పెద్దాయన పాత ట్రాన్సిస్టర్ రేడియో ఇచ్చారు, బ్యాండ్ స్విచ్ కాంటాక్టు పోయిందని. విప్పితే లోపల డిటెక్టర్ దగ్గర ఓఏ79 జెర్మేనియం డయోడ్ కనిపించింది. నాకు అప్పుడు రెండు కావాలి, ఒకటే ఉంది. ఆయన రేడియోలోది పీకేసి, దాని స్థానంలో కొత్త సిలికాన్ డయోడ్ వేసి ఇచ్చేశాను. తేడా ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. నాలుగో రోజున ఆయన వచ్చి "ఏవండీ, వార్తలు చదివేవాళ్లకి జలుబు చేసిందా? బొంగురుగా వస్తున్నాయి, దూరం స్టేషన్లు అసలు రావడం లేదు" అన్నారు. సన్నటి సిగ్నల్ ఆ కొత్త డయోడ్ గడప దాటలేకపోతోంది. నా కేకకి అడ్డొచ్చిందే ఆయన వార్తలకీ అడ్డొచ్చింది. ఆయన ముందే కూర్చుని జరిగింది చెప్పాను. తిట్టలేదు. "అడిగితే ఇచ్చేవాణ్ణి కదయ్యా" అన్నారు. తిట్టినా బాగుండేది. ఆయన డయోడ్ ఆయనకి తిరిగి వేశాను, బ్యాండ్ స్విచ్ డబ్బు కూడా వెనక్కిచ్చాను. ఒక రాత్రి పెట్టి చూడాలని రేడియో ఉంచుకున్నాను, రేపు ఇచ్చేస్తాను. ఇకమీదట మీ వస్తువులోంచి తీసిన ప్రతి ముక్కా కవర్లో పెట్టి మీ చేతికే ఇస్తాను. అడగకపోయినా ఇస్తాను.

ఈ గొడవలో మీకు పనికొచ్చేది ఒకటి దొరికింది. ఇన్నాళ్లూ హారన్ యూనిట్ బాగుందా లేదా చూడాలంటే ఆంప్లిఫయర్ తగిలించి అరిపించేవాణ్ణి. కాయిల్ సగం చెడిన యూనిట్ తక్కువ సౌండ్‌లో బాగానే పలికి, తీర్థంలో నడిమధ్యలో ప్రాణం తీసేది. ఇప్పుడు మీ ఎదురుగానే యూనిట్‌లోకి మాట్లాడి మీటరు చూపిస్తాను. మంచిది 6, 7 మిల్లీవోల్ట్‌లు చూపిస్తుంది. డయాఫ్రమ్ (లోపలి పల్చటి పొర) పక్కకి జరిగిందైతే రెండు దాటదు. దీనికి చార్జీ లేదు.

మొన్న పొద్దున జంగం దేవర వచ్చి గుమ్మం ముందు నిలబడి శంఖం ఊదాడు. బల్ల మీద యూనిట్ మీటరుకి తగిలించే ఉంది. అంకెలు ఒక్కసారి లేచి నేనెప్పుడూ చూడని చోటికి పోయాయి. గరాటులోకి ఊదమని బతిమాలితే, గంట మోగిస్తూ ఒకసారి ఊదాడు. కెపాసిటర్ మీద 4 వోల్ట్‌లు. పాలకొల్లాయన మాత్రం అది గొంతు కాదు, చెల్లదు అంటున్నాడు. తేలాల్సి ఉంది.

రిపేర్ల సంగతి: ఆంప్లిఫయర్లు నాలుగూ ఈ శనివారానికి, హారన్ యూనిట్లు వచ్చే బుధవారానికి ఇచ్చేస్తాను. మిక్సీ ఈ సాయంత్రమే తీసుకెళ్లొచ్చు. షాపు టైము ఉదయం తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిదిన్నర. నా కేకలన్నీ షట్టరు దించాకే, పక్కవాళ్లు క్షమించాలి. సంక్రాంతికి మైకు సెట్లు అన్నీ బుక్కయిపోయాయి, కొత్తవి తీసుకోవడం లేదు. కనుమ నాడు మేమంతా జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఉంటాం, షాపు ఉండదు. యూనిట్లు తేవాలనుకునేవాళ్లు ముక్కనుమ దాటాక తెండి.