బ్యాటరీ కార్లు ఎందుకు తీసేశామంటే

గుంటూరు బ్రాడీపేటలోని మా ఆటస్థలానికి వచ్చే తల్లిదండ్రులకు నమస్కారం. ఎర్ర కార్లు ఏమయ్యాయని పిల్లలు గేటు దగ్గరే పేచీ పెడుతున్నారట. రెండూ తీసేశాం, మళ్లీ పెట్టం.

ఆ కార్ల రిమోట్ పెద్దల చేతిలో ఉండేది. పిల్లలు ఊరికే కూర్చునేవారు. ఎంత దూరం, ఎటు మలుపు, ఎంత లోతు అన్న లెక్క ఒళ్లు కదిలిస్తేనే కంటికి అలవాటవుతుంది. 1963లో హెల్డ్, హైన్ అనే అమెరికా పరిశోధకులు పిల్లికూనలతో ఇదే చూశారు. ఒక కూన నడుస్తుంటే, దానికి కట్టిన బుట్టలో రెండోది కూర్చుని తిరిగింది. రెండింటికీ కనిపించింది ఒకటే. అయినా బుట్టలోదానికి లోతు తెలియలేదు, కిందికి దించుతుంటే ముందుకాళ్లు చాచలేదు. వెలుతురులో స్వేచ్ఛగా వదిలాక రెండు రోజుల్లో సర్దుకుందిలెండి. కారెక్కినందుకు మీవాళ్లకేదో అయిపోయిందని కంగారు పడకండి.

ఇప్పుడు ఆ చోట పాకే గొట్టం, నడిచే చెక్క ఉన్నాయి. చెక్క విషయంలో మొదట తప్పు మాదే. ఆరడుగుల పొడవు, ఆరంగుళాల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తు. కొలతలు సరే, కింది దిమ్మలు బాగా లోపలికి బిగించాం. ఒక కొస తొక్కితే రెండో కొస లేచేది. దానికితోడు టైల్స్ మీద జారేది. దిమ్మల్ని కొసలకు జరిపి, అడుగున రబ్బరు అంటించాం. ఇప్పుడు కదలడం లేదు.

చెక్కమీద నడిచేటప్పుడు పిల్లల చేయి పైకెత్తి పట్టుకోకండి. బరువంతా మీ చేతి మీదకు వస్తుంది, వదలగానే అటే ఒరుగుతారు. పక్కనే నడుస్తూ వాళ్ల నడుం ఎత్తులో ఒక వేలు అందించండి, చాలు. సాక్సులు తీసేయండి, పాదానికి పట్టు దొరకాలి. గొట్టంలో మధ్యలో ఆగిపోతే కాళ్లు పట్టి లాగొద్దు. అవతలి కొసన కూర్చుని పిలవండి. "ఇటు రా" అనే కన్నా "గోడవైపు తిరుగు", "బల్ల కిందనుంచి దూరు" అంటే ఆ మాటలు ఒంటితో సహా నేర్చుకుంటారు.

దీనికోసం మా దగ్గరికే రానక్కర్లేదు. డాబా మీద సుద్దతో తొక్కుడుబిళ్ల గీయండి. నాలుగేళ్లలోపు చాలామందికి ఒంటికాలి కుంటుడు రాదు, రెండు కాళ్లతో దూకనివ్వండి. గడి అడుగు వెడల్పుంటే సరిపోతుంది. మన మే ఎండలకు పొద్దున ఏడులోపే కానిచ్చేయండి, తర్వాత గచ్చు కాలుతుంది.

కార్ల టికెట్లు మిగిలినవాళ్లు కౌంటర్లో ఇస్తే డబ్బు వాపసు ఇస్తాం.