హాస్టళ్ల బయటి ప్లగ్గులకు, హీటర్లకు వేర్వేరు ఆర్‌సీసీబీలు పెట్టించండి

సాంఘిక సంక్షేమ శాఖ మంత్రి గారికి,

అయ్యా,

అనంతపురం జిల్లా హాస్టళ్లలో బట్టలుతికే బండల దగ్గరుండే ప్లగ్గు బోర్డులకు, నీళ్లు కాచే గీజర్లకు, రాడ్డులకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీలు (కరెంటు లీకైతే సప్లై తెంచే స్విచ్చిలు) బిగించాలని కోరుతున్నాం.

ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే పడిపోయే స్విచ్చి) ఉందిగా అంటారు. దాని పని వైరు కాలకుండా చూడటం వరకే. మా ఎర్రనేలల్లో ఎండాకాలం వచ్చేసరికి, లీకైన కరెంటును నేలలోకి పంపే ఎర్త్ గుంత ఎండిపోతుంది, నీళ్లు పోసే దిక్కుండదు. గుంత నిరోధం 23 ఓములకు పెరిగిందనుకోండి. 230 వోల్టుల ఫేజు గీజరు బాడీకి తగిలినా పారేది 10 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీ కదలదు. నీళ్లు మామూలుగానే కాగుతుంటాయి, కుళాయి పట్టుకున్న పిల్లకు షాకు కొడుతుంది. ప్లాస్టిక్ బకెట్లో రెండు పిన్నుల రాడ్డు వేస్తే ఇంకా ఘోరం. అక్కడ అసలు ఎర్తే లేదు. రాడ్డు చిట్లిన సంగతి నీళ్లలో చెయ్యి పెట్టేదాకా తెలియదు. ఆర్‌సీసీబీ ఉంటే, ఫేజులో వెళ్లిన కరెంటులో 30 మిల్లీ ఆంపియర్లు న్యూట్రల్లోకి తిరిగి రాకపోయినా 0.3 సెకన్లలోపు సప్లై తెంచేస్తుంది.

భవనం మొత్తానికి ఒక్కటే పెట్టించొద్దని ప్రత్యేకంగా వేడుకుంటున్నాం. హీటర్ కాయిల్ చుట్టూ ఉండే మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, సెలవుల్లో వాడకుండా వదిలేస్తే సీలు దగ్గర తేమ పీలుస్తుంది. బడి తెరిచాక స్విచ్చి వేయగానే లీకేజీ, ట్రిప్పు, హాస్టలంతా చీకటి. రెండు మూడుసార్లు ఇలా అయ్యాక ఎవరో ఒకరు జానెడు వైరు ముక్కతో ఆర్‌సీసీబీని దాటించేస్తారు. ఆ పూటతో రక్షణ పోయినట్టే. అందుకే హీటర్లకు ఒకటి, బయటి బోర్డులకు ఒకటి, లోపలి లైట్లు ఫ్యాన్లకు ఇంకొకటి కావాలి.

ప్రతి ఆర్‌సీసీబీకి న్యూట్రల్ లింకు (న్యూట్రల్ వైర్లు బిగించే పట్టీ) విడిగా ఉండాలి. రెండింటి న్యూట్రళ్లు కలిస్తే లోడు పడగానే ట్రిప్పవుతాయి. ఆర్‌సీసీబీ దాటాక న్యూట్రల్ ఎక్కడా ఎర్త్‌కు తగలకూడదు. ఓవర్‌లోడుకు ఆర్‌సీసీబీ పడదు కాబట్టి ఎంసీబీ ఎలాగూ ఉండాలి. బయటి బోర్డుకు రబ్బరు సీలున్న ఐపీ 65 (దుమ్ము, నీటి జల్లు చొరబడని) పెట్టె వాడి, వైరు కిందినుంచి గ్లాండ్ (వైరు చుట్టూ బిగుసుకునే బిగింపు) ద్వారా ఎక్కించాలి. పైన రంధ్రం చేస్తే వాన నీరు వైరు వెంబడే దిగుతుంది.

పని అప్పగించేముందు కాంట్రాక్టరుతో 500 వోల్టుల మెగ్గర్ (వైరు ఇన్సులేషన్ కొలిచే మీటరు) రీడింగు రాయించండి, 1 మెగా ఓముకు తగ్గితే బిల్లు ఆపండి. నెలకోసారి వార్డెన్ టెస్ట్ బటన్ నొక్కి రిజిస్టరులో సంతకం చేయాలి. నొక్కినా పడని ఆర్‌సీసీబీని ఆ రోజే మార్పించేలా ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
అనంతపురం ఎలక్ట్రీషియన్లు కొందరం