సొంత మాటలకూ వ్యాకరణం ఉంది

సంపాదకుల వారికి నమస్కారం.

కుర్రకారు నోటికొచ్చిన మాటలు పుట్టించి తెలుగును చెడగొడుతున్నారన్న ఫిర్యాదు ఉత్తరాల శీర్షికల్లో తరచూ కనిపిస్తుంది. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగు ఇళ్ల సంగతి కాస్త వేరు. ఇక్కడ సొంత మాటలు సరదాకంటే అవసరానికే ఎక్కువ పుడతాయి. కొట్టువాడికి ఒడియా వచ్చు, తెలుగు వచ్చు, హిందీ సరేసరి. అతని ఎదురుగా నిలబడి "ధర ఎక్కువ చెబుతున్నాడు, పోదాం పద" అనుకోవడానికి ఏ భాషా మిగలదు.

ముందుగా అందరికీ గుర్తొచ్చేది క-భాష. ప్రతి అక్షరం ముందూ ఒక క. "నువ్వు రేపు రా" అంటే "కనుకవ్వు కరేకపు కరా". ఒత్తక్షరాన్ని విడదీయకూడదు, "అమ్మ" ఎప్పుడూ "కఅకమ్మ"యే. చేర్చిన క పొట్టిగా, అసలు అక్షరం నొక్కి పలకాలి. రెండూ ఒకే బరువుతో పలికితే మనవాళ్లకే అర్థం కాదు. "కాకి", "కుక్క" వచ్చినచోట నాలుక మడతపడుతుంది. అది పెద్ద లోపం కాదు. సూత్రం ఒక్కటే కాబట్టి పక్కింటి ఒడియా పిల్లలు కాసేపు చెవి పెడితే చాలు, పట్టేస్తారు. ఆటకు బాగుంటుంది, బేరానికి పనికిరాదు.

బట్టల కొట్టువాళ్లు తాము సరుకు కొన్న ధరను చీటీ మీద అక్షరాల్లో రాసుకునే పద్ధతి దీనికంటే గట్టిది. పది అక్షరాల గుర్తుమాట ఒకటి కావాలి, అందులో ఏ హల్లూ రెండోసారి రాకూడదు. ఉదాహరణకు "చెరువు గట్టు నీడ పొలము". చ 1, ర 2, వ 3, గ 4, ట 5, న 6, డ 7, ప 8, ల 9, మ 0. గుణింతాలు, ఒత్తులు వదిలేసి హల్లులే రాస్తే 1,850 రూపాయల చీర "చపటమ" అవుతుంది. చిక్కంతా సున్నాలతోనే. 2,700ను "రడమమ" అని రాస్తే చివర జంటగా కనబడే అక్షరం సున్నా అని ఎవరైనా ఊహిస్తారు. అందుకే గుర్తుమాటలో లేని అక్షరం ఒకటి, స అనుకోండి, రెండో సున్నాకి కేటాయించి "రడమస" అని రాయాలి. లాభం శాతం అన్ని చీరలకూ ఒకటే వేస్తే కూడా గుట్టు దాగదు. నాలుగు చీటీలు, నాలుగు అమ్మకం ధరలు పక్కపక్కన పెట్టి చూసేవాళ్లుంటారు. అక్షరాలకు అంకెలు కట్టే పాత పద్ధతి కటపయాది ఉండగా ఇదంతా ఎందుకని పండితులు అడగవచ్చు. మేచకళ్యాణి అనే రాగం పేరులో మే 5, చ 6, తిరగేస్తే 65వ మేళకర్త (జనక రాగం) అని సంగీతం నేర్చుకునే పిల్లలే చెప్పేస్తారు. ఊరందరికీ తెలిసిన లెక్కలో గుట్టేముంది?

ఇంట్లోవాళ్ల మధ్య మాత్రం అక్షరాల గారడీ కంటే మామూలు వాక్యమే మేలు. పేరంటంలో "ఇక లేద్దాం" అనడానికి "గొడుగు తెచ్చావా" అని పెట్టుకుంటే వానాకాలంలో చెల్లుతుంది, వైశాఖంలో నవ్వులపాలవుతుంది. "తాళం చూశావా" ఏ కాలానికైనా సరిపోతుంది. జవాబు కూడా ముందే ఖాయం చేసుకోవాలి: "చూశాను" అంటే లేద్దాం, "చూస్తా" అంటే ఇంకాసేపు. జవాబు ఖాయం చేసుకోని చోట అవతలి మనిషి నిజంగానే సంచిలో తాళం వెతకడం మొదలెడతారు.

కొత్త పదమే కావాలంటే రెండు మూడు అక్షరాల్లో, అచ్చుతో ముగిసేలా చూసుకోవాలి. గిన్నెలో ఇంకొకరికి వడ్డించడానికి చాలనంత మిగిలిన కూరకు "టుమిరి" అని పేరు పెట్టామనుకోండి. పిల్లలు ఎవరూ నేర్పకుండానే "టుమిరికి" అంటారు గాని "టుమిరికు" అనరు. బహువచనం "టుమిర్లు" అయిపోతుంది. "కూర టుమిరయింది, నెమ్మదిగా వడ్డించు" అని వంటింట్లోంచి కేక వేస్తే చుట్టాలకు తెలియదు. కి, తో, లో పెట్టి, కాదు, లేదు చేర్చి పలికి చూడండి. ఎక్కడైనా నాలుక ఆగితే ఆ మాట వారం కూడా బతకదు. తెలుగు వ్యాకరణానికి లొంగని మాట తెలుగు నోట నిలవదు. చెడగొడుతున్నారని బెంగపడేవారు ఈ ముక్క గమనించాలి.

మా వైపు ఇంకో పరీక్ష కూడా ఉంది: ఒడియా చెవికి ఎలా తగులుతుంది? "కాలి" అని ఏదో సంకేతం పెట్టుకుంటే ఒడియా వాళ్లకు అది నిన్నో రేపో అవుతుంది, మాటలో మాట కలుపుతారు. మనుషుల ఒడ్డూపొడుగూ, కులం, పొరుగువారి యాస మీద మారుపేర్లు అసలే వద్దు. వాటిని ముందు బయటపెట్టేది ఇంట్లో పిల్లలే, అదీ ఆ మనిషి ఎదుటే.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవరలనే గిరిజనుల నోటి మాట విని రాసుకుని, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. అంత పని కాకపోయినా, మీ ఆదివారం సంచికలో పావు పేజీ ఈ ఇంటి మాటలకు ఇవ్వండి. ఒక్కో మాటకు నాలుగు వివరాలు చాలు: ఏ ఊరు, ఎవరెవరి మధ్య వాడుక, ఎప్పుడు అంటారు, అన్న వాక్యం ఉన్నదున్నట్టు. వాక్యం లేకుండా ఉత్త పదం, అర్థం పంపితే వేయకండి, అప్పటికప్పుడు అల్లినవే ఎక్కువ వస్తాయి. కొట్ల గుర్తుమాటలు మాత్రం ఎవరూ పంపరు, అడగనూ వద్దు.

ఇట్లు,
తెలుగు ఉపాధ్యాయులు కొందరు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా