తూకానికి వేసేముందు, స్విచ్చి వేసేముందు

సంపాదకులకు నమస్కారం.

మా ఊళ్ళో పాత ఇనుప కొట్ల ముందు ఈ మధ్య రంపం మిషన్లు, చిత్రిక మిషన్లు తరచుగా కనబడుతున్నాయి. పెద్దవాళ్ళు పోయాక పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తూ షెడ్డులో ఉన్నదంతా తూకానికి వేసేస్తున్నారు. నేనూ ఆ పనే చేయబోయి చివరి నిమిషంలో ఆగాను. అందుకే ఈ ఉత్తరం.

మా నాన్నగారు కాకినాడ జగన్నాథపురంలో తలుపులు, కిటికీలు చేసేవారు. బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపం పైకి వచ్చే ఆయన మిషను పెరటి రేకుల షెడ్డులో పద్దెనిమిదేళ్ళు టార్పాలిన్ కింద పడి ఉంది. సముద్రపు గాలికి బల్ల మీద తుప్పు పెచ్చులు లేచింది. రంపాన్ని పైకీ కిందికీ కదిపే చక్రం బిగుసుకుపోయింది. కొట్టు అతను వచ్చి చూసి, “ఇందులో ఏముందమ్మా, పోత ఇనుమే కదా” అన్నాడు. ముప్పై ఏళ్ళు బడిలో సైన్సు చెప్పినదాన్ని కాబట్టి ఆ మాట దగ్గరే నాకు ఆశ పుట్టింది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే చూడటానికి అంత భయంకరంగా ఉంటుంది, కీళ్ళు అలా పట్టేస్తాయి. పెచ్చులు గీకి చూస్తే లోపల దిట్టమైన పోత బల్ల దాదాపు చెక్కుచెదరకుండా ఉంది.

బల్లకు కిరసనాయిలు, ఎమరీ కాగితం, ఓపిక సరిపోయాయి. చిన్న భాగాలకు మాత్రం కరెంటు పద్ధతి వాడాను. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళు పోసి బట్టల సోడా కలపాలి. 12 వోల్టుల బ్యాటరీ చార్జరు రుణ తీగను తుప్పు పట్టిన ముక్కకు, ధన తీగను మామూలు ఇనుప రేకుకు తగిలించాలి. ఆ రెండూ ఒకదానికొకటి తగలకూడదు. రేకు బదులు స్టీలు గరిటె మాత్రం పెట్టకండి. స్టెయిన్‌లెస్ స్టీలులోని క్రోమియం విషపూరితమైన రూపంలో నీళ్ళలోకి దిగుతుంది. హైడ్రోజన్ కూడా వెలువడుతుంది కనుక ఈ పని ఆరుబయటే చేయాలి. మర్నాడు, చెక్కను ఆనించి తోసే గైడు పట్టీ తీసి నల్లటి మడ్డి తుడిస్తే, ఉలితో పెట్టిన మూడు గాట్లు బయటపడ్డాయి. రెండున్నర, మూడు, నాలుగు అంగుళాలు. నాన్నగారి ద్వారబంధాల కొలతలవి. ఆ పట్టీ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.

పాత రంగును పొడిగా రుద్దకండి, అందులో సీసం ఉండవచ్చు. ఇళ్ళకు వేసే రంగుల్లోనైనా సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2016లో గానీ రాలేదు.

విడిభాగాలు దొరకవన్న భయం కూడా వద్దు. పాత బేరింగు తుడిస్తే 6204 అన్న అంకె కనబడింది. కొట్టులో ఆ నంబరు చెప్పగానే కొత్తది తెచ్చి చేతిలో పెట్టారు. లోపల 20 మిల్లీమీటర్లు, బయట 47, మందం 14. ఆ నంబరు బేరింగును ఏ దేశంలో చేసినా కొలతలు ఇవే. మోటారుకు వైండింగు మార్పించాను. బెల్టు కొత్తది వేశాను.

ఇక అసలు విషయం. నాన్నగారి ఎడమచేతి చూపుడువేలికి చివరి కణుపు లేదు. ఆయన మిషను మీద రక్షణ మూత గానీ, రంపం వెనక నిలబెట్టే ఉక్కు రేకు గానీ ఎప్పుడూ లేవు. కోసిన చెక్క ఒక్కోసారి వెనక మళ్ళీ దగ్గరికి ముడుచుకుని రంపాన్ని పట్టేస్తుంది. అప్పుడు వెనక పళ్ళు ఆ చెక్కను ఎత్తి మనిషి మీదికి విసురుతాయి, చెయ్యి రంపం మీదికి జారిపోతుంది. 10 అంగుళాల రంపం నిమిషానికి 2,880 చుట్లు తిరిగితే పళ్ళ వేగం గంటకు 138 కిలోమీటర్లు. చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు. ఆ చీలిక ముడుచుకోకుండా అడ్డుపడేది ఆ చిన్న రేకే. నా రంపం పళ్ళు కోసే చీలిక వెడల్పు 3.2 మిల్లీమీటర్లు, రంపం ఒళ్ళు మందం 2.2. రేకు మందం ఆ రెంటికీ మధ్య ఉండాలి కనుక లేతు షాపులో 2.5 మిల్లీమీటర్ల రేకుతో చేయించాను.

మరొకటి స్టార్టరు. పాత మిషన్లకు మామూలు స్విచ్చే ఉంటుంది. పని మధ్యలో కరెంటు పోయి, చెక్క సర్దుతుండగా తిరిగి వస్తే రంపం దానంతటదే తిరుగుతుంది. కరెంటు పోగానే తానే ఆగిపోయి, మళ్ళీ నొక్కితే తప్ప కదలని స్టార్టరు వేయించుకోండి.

ప్రమాదకరమైన యంత్ర భాగాలకు రక్షణ ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. కానీ ఇద్దరు ముగ్గురు పనిచేసే వడ్రంగి షాపు ఫ్యాక్టరీ లెక్కలోకి రాదు, ఇంటి షెడ్డు అసలే రాదు. కాబట్టి ఐటీఐలలో వడ్రంగం నేర్పే మాస్టార్లకు నా విన్నపం. మీ పిల్లలతో ఒక్కొక్కరి చేత ఇలాంటి రేకు ఒకటి చేయించి, ఊళ్ళోని షాపులకు ఇప్పించండి.

10 అంగుళాల రంపం వెనక పెట్టే ఆ రేకుకు నేను కత్తిరించిన అట్ట నమూనా నా దగ్గరే ఉంది. కావలసినవారు మీ పత్రిక ద్వారా అడిగితే గీసి పంపుతాను.

– విశ్రాంత ఉపాధ్యాయిని, కాకినాడ